ఎండాకాలంలో పాడి పశువు చూడి నిలవాలంటే: మార్చి నుంచి అక్టోబరు దాకా కొట్టంలో చేయాల్సిన పనులు

జూన్ మొదటి వారంలో పల్లెలకు వెళ్తే నాకు ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. పల్నాడులో ఒక పెద్దమ్మ తన ముర్రా గేదెను చూపిస్తూ అదే అంది. "మూడుసార్లు సూది వేయించా డాక్టరుబాబూ, ఒక్కసారీ నిలవలేదు. ఆ సూదుల్లోనే ఏదో తేడా ఉంది." సూది అంటే ఎదకొచ్చిన పశువుకు వీర్యం ఎక్కించడం. అప్పుడు మధ్యాహ్నం మూడవుతోంది. రేకుల పాక కింద గేదె మెడ చాచి రొప్పుతోంది.

"సూది వేయించాక దీన్ని ఎక్కడ కట్టేశారు పెద్దమ్మా?"

"ఇక్కడే బాబూ, ఇంకెక్కడ కడతాం?"

పరీక్ష చేస్తే గర్భసంచిలో జబ్బేమీ కనిపించలేదు. ఎద కూడా సరిగ్గానే గుర్తుపట్టారు. తేడా అంతా ఆ రేకుల కిందే ఉంది. ఎండ వల్ల పాలు తగ్గుతాయని మన రైతులందరికీ తెలుసు, ఎందుకంటే ఆ నష్టం సాయంత్రం చెంబులోనే కనిపిస్తుంది. చూడి పోవడం అలా కనిపించదు. ఏప్రిల్‌లో తగిలిన దెబ్బ జూన్‌లో బయటపడుతుంది, అందుకే నింద ఎప్పుడూ సూది మీదకో పశువు మీదకో పోతుంది. ఆ దెబ్బ ఏ రోజుల్లో తగులుతుందో తెలిస్తే చల్లబరిచే పనిని ఆ రోజుల మీద పెట్టవచ్చు. నీళ్ళు, కరెంటు, మనుషులు అన్నీ తక్కువగా ఉండే చిన్న రైతుకు ఇది చాలా అవసరం.

ముందుగా: ఎండ దెబ్బ కొట్టే మూడు సమయాలు

మొదటిది, ఎదకు సుమారు 40, 50 రోజుల ముందు. ఇవాళ విడుదలయ్యే అండం ఇవాళ తయారైంది కాదు. అండాశయంలో మిల్లీమీటరు కూడా లేని చిన్న బుడగ పెరిగి విడుదల కావడానికి నెలన్నర దాకా పడుతుంది. ఆ నెలన్నరలో పశువు ఒళ్ళు పదేపదే కాగితే అండం నాణ్యత దెబ్బతింటుంది. ఇజ్రాయెల్ పరిశోధకులు ఈ సంగతిని హోల్‌స్టీన్ అనే విదేశీ పాడి జాతి ఆవుల్లో విడమర్చి చూపించారు. ఎండలు పోయి వాతావరణం చల్లబడ్డాక కూడా, దెబ్బతిన్న అండాలు బయటికి వెళ్ళిపోవడానికి రెండు మూడు ఎదలు పట్టాయి.

రెండోది, సూది వేయించిన రోజు, ఆ తర్వాతి రెండు మూడు రోజులు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 1993లో వెలువడిన ప్రయోగం దీనికి గట్టి ఆధారం. ఎద అయిన మర్నాడు ఆవులను వేడికి గురిచేస్తే పిండాలు బాగా దెబ్బతిన్నాయి. అదే వేడి మూడో రోజునో, ఐదో రోజునో, ఏడో రోజునో తగిలితే చాలామటుకు తట్టుకున్నాయి. మొదటి రెండు రోజుల్లో పిండానికి వేడి నుంచి తనను తాను కాపాడుకునే ప్రొటీన్లు తయారుచేసుకునే శక్తి ఉండదు, తర్వాత వస్తుంది. 1960ల నాటి ఇంకో పరిశీలనలో, సూది వేసిన 12 గంటలకు ఆవు ఒంటి వేడి ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీ పెరిగితే, చూడి నిలిచేవి నూటికి 61 నుంచి 45కి పడిపోయాయి. ఒక్క డిగ్రీకే అంత తేడా వచ్చింది.

మూడోది, ఈనే ముందు రెండు నెలలు. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. దాని సంగతి కిందకు వచ్చాక వివరంగా చెబుతాను.

మొదటి పని: థర్మామీటరు కొనండి

పశువు ఎంత కాగుతోందో కంటితో అంచనా వేస్తే పొరపాటు పడతాం. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. దాని చివర దారం కట్టి, వాజిలిన్ రాసి, ఆసనంలో గోడకు తగిలేలా ఒక నిమిషం ఉంచండి. కొలవాల్సింది మధ్యాహ్నం పన్నెండుకు కాదు, మూడు నుంచి ఐదు మధ్య. ఒంట్లో వేడి మెల్లగా పోగుపడుతుంది, ఎండ కాస్త దిగాకే అది పై అంచుకు చేరుతుంది.

ఆవుకైనా గేదెకైనా 101 నుంచి 102 ఫారెన్‌హీట్ మామూలు. 102.5 దాటితే వేడి ఎక్కుతోందని అర్థం. 103 దాటితే ఆ రోజు చూడికి గండమే. జ్వరం వల్ల కూడా ఇలాగే పెరుగుతుంది కాబట్టి తెల్లవారుజామున ఇంకోసారి చూడండి. ఎండ వల్ల పెరిగిన వేడి తెల్లారేసరికి దిగాలి. దిగకపోతే డాక్టరును పిలవండి.

థర్మామీటరు లేకపోతే డొక్క కదలికను లెక్కపెట్టండి. నిమిషానికి 60 దాటితే పశువు ఇబ్బంది పడుతున్నట్టు, 80 దాటితే ఇబ్బంది తీవ్రంగా ఉన్నట్టు. నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతోందంటే చేయాల్సిన పని అప్పటికే ఆలస్యమైంది.

వాతావరణాన్ని కొలవడానికి ఉష్ణోగ్రతనూ గాలిలో తేమనూ కలిపి చూసే ఒక సూచిక ఉంది. దాన్ని టీహెచ్‌ఐ అంటారు. 72 దాటితే పాడి పశువుకు కష్టం మొదలవుతుందని చాలాకాలంగా చెప్పుకునేవారు. ఇప్పటి ఎక్కువ పాల ఆవుల్లో 68 దగ్గరే పాలు తగ్గడం మొదలవుతుందని అరిజోనా పరిశోధనల్లో తేలింది. లెక్క చూడండి. 25 డిగ్రీల సెంటీగ్రేడ్, 50 శాతం తేమ ఉంటే సూచిక 72కు వచ్చేస్తుంది. మనకు అది హాయిగా ఉండే రోజు. 40 డిగ్రీలు, 30 శాతం తేమ ఉంటే 86. 34 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతం ఉంటే 88. అంటే కోనసీమలో 34 డిగ్రీల ఉక్కపోత రెంటచింతల 40 డిగ్రీల పొడి ఎండ కన్నా పశువుకు ఎక్కువ బరువు. రాత్రి 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నా సూచిక 80 దగ్గర ఉంటుంది. రాత్రిపూట కూడా చల్లబడే వీలు లేక పశువు ముందురోజు వేడిని మోసుకుంటూనే తెల్లారుస్తుంది.

అందుకే మార్చి మొదటి వారం నుంచే పని మొదలుపెట్టమంటాను. రోహిణీ కార్తె దాకా ఆగితే అప్పటికే నెలన్నర అండాలు పాడైపోయి ఉంటాయి.

నీడ: అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా చవక

రేకుల పాక నీడ ఇస్తుంది గానీ, మిట్టమధ్యాహ్నం ఆ రేకే పొయ్యిలా మారి కిందికి సెగ కొడుతుంది. పాక కింద నిలబడి మీ అరచేతిని పైకి చాపి చూడండి, తెలిసిపోతుంది. రేకు పైన రెండు మూడు పూతలు సున్నం కొట్టండి. దానిపైన కొబ్బరాకులో, తాటాకులో, జానెడు మందాన వరిగడ్డో పరచండి. కరెంటు తీగలు, పొయ్యి దగ్గర లేకుండా చూసుకోవాలి, ఎండాకాలం గడ్డికి నిప్పు అంటుకుంటే ఆర్పడం కష్టం. కొత్తగా పాక వేసేవారు ఎత్తు పన్నెండడుగులకు తగ్గనివ్వకండి, పొడవు తూర్పు పడమరలుగా ఉంచండి, చుట్టూ గోడలు కట్టకండి. గాలి ఆడని పక్కా షెడ్డు కన్నా నాలుగు వైపులా తెరిచిన తాటాకు పాకే పశువుకు మేలు.

వీటన్నిటికన్నా చెట్టు గొప్పది. వేప, కానుగ, రావి చెట్ల ఆకులు నీటి ఆవిరి వదులుతూ కింద గాలిని కూడా చల్లబరుస్తాయి, ఏ రేకూ ఆ పని చేయలేదు. కొట్టం విస్తరించడానికి చెట్టు కొట్టేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నీళ్ళు, గాలి: రెండూ కలిస్తేనే చల్లదనం

ఒంటి మీద పోసిన నీళ్ళు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి, అసలు పని చేసేది ఆ ఆవిరే. కాబట్టి చర్మం తడవాలి, ఆ తర్వాత గాలి తగిలి ఆరాలి, మళ్ళీ తడవాలి. పొద్దస్తమానం నీళ్ళు కొడుతూ ఉంటే నీళ్ళు వృథా, నేల బురద, పొదుగువాపు.

ఒక నిమిషం బాగా తడపండి. ఆ తర్వాత నాలుగైదు నిమిషాలు ఫ్యాను మాత్రమే. ఇలా ముప్పావు గంట తిప్పితే ఒక విడత అవుతుంది. రోజుకు నాలుగు విడతలు పెట్టుకోండి: ఉదయం పాలు పితికే ముందు, పదకొండింటికి, మూడింటికి, రాత్రి తొమ్మిదికి. కరెంటు వేళలను బట్టి జరుపుకోవచ్చు గానీ మధ్యాహ్నం మూడు గంటల విడతను మాత్రం వదలకండి. నీటి చుక్కలు పెద్దవిగా ఉండాలి. సన్నటి మంచులాంటి తుంపర వెంట్రుకల మీదే నిలిచి, చర్మానికి దుప్పటి కప్పినట్టు వేడిని ఆపేస్తుంది. వీపు, పక్కలు తడవాలి, పొదుగు మీదకు మాత్రం నీళ్ళు జారనివ్వకూడదు.

ఫ్యానును ఏడెనిమిది అడుగుల ఎత్తులో, కాస్త కిందికి వంచి బిగించండి. 24 అంగుళాల ఫ్యాను గాలి ఇరవై అడుగుల దాకా, 36 అంగుళాలది ముప్పై అడుగుల దాకా వెళ్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బయట 40 దాటినప్పుడు పొడి ఒంటి మీద ఒట్టి ఫ్యాను పెడితే వడగాలి కొట్టినట్టే. అప్పుడు తడి తప్పనిసరి. కోస్తాలో దీనికి తిరగేసి ఆలోచించాలి. గాలిలోనే తేమ నిండి ఉంటే తడి ఆరదు, కాబట్టి నీళ్ళు తగ్గించి గాలి పెంచాలి. సన్నటి తుంపర కొట్టే ఫాగర్లు అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పరు. పొడి ఎండల తెలంగాణ, పల్నాడు, రాయలసీమలో గాలి వచ్చే వైపు తడి గోనెపట్టాలు వేలాడదీస్తే బాగా పనిచేస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అవే పట్టాలు ఉక్కను పెంచుతాయి.

గేదె సంగతి వేరేగా చెప్పాలి. నల్లటి చర్మం ఎండను లాగేసుకుంటుంది, ఒంటిమీద జుట్టు పలచన, ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు బాగా తక్కువ. దానికి ప్రకృతి ఇచ్చిన దారి నీళ్ళలో మునగడం. చెరువుంటే పదకొండు నుంచి నాలుగు మధ్య దాన్ని నీళ్ళలో ఉండనివ్వండి, అంతకు మించిన చికిత్స లేదు. అయితే మే నెలలో అడుగంటిన చెరువులో మోకాలి లోతు నీళ్ళు వేడెక్కి ఉంటాయి, ముందు చెయ్యి పెట్టి చూడండి. చెరువు దగ్గర లేదని ఎండలో రెండు కిలోమీటర్లు తోలకండి. నీడలో కట్టి పైపుతోనో బకెట్లతోనో మూడు నాలుగుసార్లు తడపడమే మంచిది.

తాగే నీళ్ళు ఎప్పుడూ ముందుండాలి. పాలిచ్చే పశువు ఎండాకాలంలో 80, 100 లీటర్లు కూడా తాగుతుంది. చాలా ఇళ్ళలో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కుడితి పెట్టి నీళ్ళు అయిపోయాయనుకుంటారు. తొట్టి నీడలో ఉండాలి. మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళు చేతికే చురుక్కుమంటాయి, వాటిని పశువు తాగదు. ట్యాంకుకు గోనె చుట్టి తడపండి, లేదా ఉదయమే తొట్టి నింపి మూత పెట్టండి.

మేత: వేళ మార్చండి, పాళ్ళు మార్చండి

పశువు తిన్న మేత పొట్టలో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది. అందుకే ఎండలో అది తానే తిండి తగ్గించుకుంటుంది. కానీ పాలు తగ్గడానికి కారణం తిండి తగ్గడమొక్కటే కాదు. వేడిలో ఉన్న ఆవు ఎంత తిందో అంతే మేతను చల్లటి గదిలోని ఆవుకు పెట్టి పోల్చి చూశారు. తగ్గిన పాలలో దాదాపు సగానికే తిండి తగ్గడం లెక్క వచ్చింది. మిగతా సగం శరీరం వేడితో పోరాడటానికి శక్తిని దారి మళ్ళించడం వల్ల పోయింది. కాబట్టి పాలు తగ్గాయని దాణా గుప్పించడం పరిష్కారం కాదు. ఎక్కువ దాణా పొట్టలో ఆమ్లం పెంచి, నెమరు ఆపేసి, ఇంకో సమస్య తెస్తుంది.

రొప్పుతున్న పశువు ఒంట్లో జరిగేది కాస్త తెలుసుకుంటే వంటసోడా ఎందుకో అర్థమవుతుంది. ఎక్కువ శ్వాస వల్ల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను బయటికి పంపేస్తాయి. మామూలుగా అది లాలాజలంలో చేరి పొట్టలోని ఆమ్లాన్ని విరిచేది. పైగా చొంగ రూపంలో లాలాజలం నేలపాలవుతుంది. పొట్టకు రక్షణ రెండు వైపులా పోతుంది. అందుకే రోజుకు 100 నుంచి 150 గ్రాముల వంటసోడాను దాణాలో రెండు పూటలుగా కలపాలి. బట్టల సోడా కాదు, జాగ్రత్త. ఈనడానికి మూడు వారాల లోపు ఉన్న పశువుకు ఈ సోడా పెట్టకండి, ఈనాక పాలజ్వరం వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

మనిషి చెమటలో ఉప్పు ఎక్కువ పోతే, ఆవు చెమటలో పొటాషియం ఎక్కువ పోతుంది. పచ్చిమేతలో పొటాషియం బాగా ఉంటుంది, అది దొరకనప్పుడు లోటు పడుతుంది. రోజుకు 30 నుంచి 50 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం తప్పకుండా ఇవ్వండి. మంచి పాలిచ్చే పశువుకు 100, 150 గ్రాముల బైపాస్ ఫ్యాట్ (పొట్టలో పులియకుండా పేగుల్లో అరిగే కొవ్వు) కలిపితే తక్కువ తిండితోనే శక్తి అందుతుంది, కొవ్వు వల్ల పొట్టలో వేడి పుట్టడం కూడా తక్కువ.

మేత వేళ మార్చడానికి పైసా ఖర్చు లేదు. మూడింట రెండొంతుల మేతను సాయంత్రం ఆరు తర్వాత, తెల్లవారుజామున వేయండి. మధ్యాహ్నం గాటిలో ఎండిన వరిగడ్డి వేస్తే, సరిగ్గా ఎండ వేళకే పొట్టలో పొయ్యి రాజేసినట్టు. ఆ సమయానికి కాస్త పచ్చి సూపర్ నేపియరో, దశరథ గడ్డో ఉంటే చాలు. జొన్నతో మాత్రం భద్రం. పూత రాని లేత జొన్న, నీళ్ళు లేక వాడిన జొన్న, కోశాక వేసిన పిలకలు విషం. ప్రతి వేసవిలో ఈ కారణంగా గంటల్లో పశువులు చనిపోవడం చూస్తున్నాం.

ఎద గుర్తించడం: మీ నిద్ర కాస్త త్యాగం చేయాలి

వేడిలో ఎద హార్మోన్ తక్కువ తయారవుతుంది, ఎద బలహీనంగానూ తక్కువ సేపూ ఉంటుంది. వర్జీనియాలో హోల్‌స్టీన్ ఆవులను గమనించినప్పుడు, చలికాలంలో ఒక ఎదలో సగటున ఎనిమిదిసార్లకు పైగా ఎక్కించుకున్న ఆవులు వేసవిలో నాలుగైదుసార్లకే పరిమితమయ్యాయి. ఎండ రోజుల్లో ఆ కాస్త కూడా చల్లటి రాత్రివేళల్లో కనిపించే అవకాశమే ఎక్కువ. పగలంతా చూసి ఎద రాలేదని చెప్పే రైతు అబద్ధమాడటం లేదు, చూసిన వేళ తప్పు.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఒకసారి, రాత్రి తొమ్మిది పది మధ్య ఒకసారి ఇరవై నిమిషాలు కొట్టంలో ఊరకే కూర్చోండి. ఫోను పక్కన పెట్టండి. గేదెల్లో మూగ ఎద మామూలే, వేసవిలో మరీ ఎక్కువ. ఆవులో లాగా జిగట తీగలు వేలాడవు, గేదె పడుకున్నప్పుడు వెనకాల నేల మీద చిన్న మడుగులా కనిపిస్తుంది. మాటిమాటికీ మూత్రం పోయడం, ఉన్నట్టుండి అరవడం, రోజూ చేపే గేదె ఒక పూట చేపకపోవడం, చనుమొనలు బిగుసుకోవడం, వీటిలో రెండు కనిపిస్తే పిలిపించి చూపించండి. గోడ మీద క్యాలెండరులో తేదీ రాయండి. 18వ రోజు నుంచి మళ్ళీ గమనించాలి.

ఇంకో నిజం ఒప్పుకోవాలి. గేదె పగటి పొద్దు తగ్గే కాలంలో బాగా ఎదకు వచ్చే జంతువు. ఎండాకాలంలో ఎద రాకపోవడానికి వేడి ఒక కారణమైతే, పొడుగాటి పగలు ఇంకో కారణం. నీళ్ళూ ఫ్యానూ వేడిని తగ్గిస్తాయి గానీ పగటిని తగ్గించలేవు. అందుకే గేదెల్లో అసలు పట్టు అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య పట్టాలి. ఆ నెలల్లో ఒక్క ఎద కూడా వదులుకోకండి.

సూది వేయించే రోజు, ఆ తర్వాత మూడు రోజులు

మీరు ఈ వ్యాసంలో ఒక్క భాగమే పాటించగలిగితే ఇది పాటించండి.

ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు తెల్లవారి సూది వేయించడం పాత సూత్రం. వేసవిలో అది రెండు విధాలా మంచిది, రెండు వేళలూ చల్లనివి. పశువును ఎండలో ఆసుపత్రి దాకా నడిపించకండి. మిట్టమధ్యాహ్నం మూడు కిలోమీటర్లు నడిచివచ్చిన గేదె ఒంటి వేడి ఎంతుందో నేను కొలిచి చూశాను, 104 దాటింది. ఆ స్థితిలో సూది వేస్తే అది పోయినట్టే. ఊళ్ళలో సూదులు వేసే గోపాలమిత్రనో, పశువైద్య సహాయకుణ్ణో ఇంటికి రమ్మనండి. తప్పదంటే ఉదయం ఏడులోపు తీసుకెళ్ళి, అక్కడే నీడలో అరగంట నిలబెట్టి, తడిపి, అప్పుడు వేయించండి.

వీర్యం గొట్టాన్ని నత్రజని డబ్బాలోంచి తీశాక గోరువెచ్చటి నీళ్ళలో, అంటే 37 డిగ్రీల దగ్గర, అర నిమిషం పైన ఉంచి కరిగించాలి, తర్వాత ఆలస్యం లేకుండా వేయాలి. కరిగించిన గొట్టం ఎండలో ఉంటే వీర్యకణాలు చచ్చిపోతాయి. కరిగించే పని మీ కొట్టం నీడలోనే చేయమని మర్యాదగా అడగండి. థర్మామీటరు మీ దగ్గరే ఉంటుంది కాబట్టి గోరువెచ్చటి నీళ్ళు మీరే సిద్ధం చేసి ఇవ్వవచ్చు. ఊరి దున్నతోనో ఆంబోతుతోనో కట్టించేవారు ఇంకో మాట గుర్తుంచుకోండి. వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండు నెలలు పడుతుంది. మేలో ఎండలో తిరిగిన దున్న వీర్యం జులైలో కూడా బలహీనంగా ఉండవచ్చు.

సూది అయ్యాక మూడు పగళ్ళూ ఆ పశువుకు కొట్టంలో అన్నిటికన్నా చల్లటి చోటు ఇవ్వండి. ఫ్యాను ఒక్కటే ఉంటే అది దీనికే. పది నుంచి ఐదు దాకా రెండు గంటలకోసారి తడపండి, సాయంత్రం నాలుగుకు వేడి చూడండి, 102.5 దాటితే ఇంకోసారి తడపండి. సూది వేయించాక పశువును పడుకోనివ్వకూడదని, మేత పెట్టకూడదని కొన్ని ఊళ్ళలో నమ్ముతారు. అలా చేస్తే దానికి అలసటే మిగులుతుంది. పడుకోనివ్వండి, తాగనివ్వండి.

తర్వాత 21వ రోజు ఎద చూడాలి. మూడు వారాలకు సరిగ్గా తిరిగి వస్తే చూడి మొదట్లోనే పోయింది. 30, 40 రోజులకు వస్తే చూడి నిలిచాక పోయి ఉండవచ్చు, లేదా మధ్యలో ఒక ఎద మనం చూసి ఉండకపోవచ్చు. అరవై రోజులకు డాక్టరుతో చూడి పరీక్ష తప్పకుండా చేయించండి.

ఎద కోసం వేచి చూడకుండా, హార్మోన్ ఇంజెక్షన్లతో అండం విడుదలను ఒక రోజుకు కుదిర్చి సూది వేసే పద్ధతి కూడా ఉంది. మూగ ఎద గేదెల్లో, వేసవిలో అది ఉపయోగపడుతుంది. కానీ అది ఎద గుర్తించే సమస్యను మాత్రమే తీరుస్తుంది, పిండాన్ని వేడి నుంచి కాపాడదు. చల్లబరచకుండా హార్మోన్లకు డబ్బు పెట్టవద్దు. వాటిలో ప్రోస్టాగ్లాండిన్ చూడి పశువుకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది. గర్భిణీ స్త్రీలు ఆ మందును ముట్టకూడదు. డాక్టరు పరీక్షించి నిర్ణయించాల్సిన విషయం ఇది.

ఒట్టిపోయిన పశువు: మనం మరిచిపోయేది

మొదట్లో చెప్పిన మూడో సమయం ఇదే, ఈనే ముందు పాలు ఆగిపోయిన రెండు నెలలు. పాలు లేవు కాబట్టి దాన్ని చెట్టు కింద కాకుండా పెరట్లో మూలన కట్టేస్తాం. ఫ్యాను పాడి పశువు మీదే తిరుగుతుంది. నాకు ఇది చాలా ఏళ్ళు సరైన పనిగానే అనిపించేది. ఫ్లోరిడాలో చేసిన వరుస పరిశోధనలు చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. ఒట్టిపోయిన రోజుల్లో చల్లబరిచిన హోల్‌స్టీన్ ఆవులు ఈనాక, చల్లబరచని వాటికన్నా రోజుకు నాలుగైదు లీటర్లు ఎక్కువ ఇచ్చాయి. పొదుగులో పాల కణాలు కొత్తగా తయారయ్యేది ఆ రెండు నెలల్లోనే, వేడి ఆ పనిని అడ్డుకుంటుంది. అంతేకాదు, కడుపులో వేడి తిన్న దూడలు తక్కువ బరువుతో పుట్టాయి, జున్నుపాల నుంచి రోగనిరోధక శక్తిని తక్కువ గ్రహించాయి, ఆ పెయ్యలే పెరిగి ఈనాక పాలు తక్కువ ఇచ్చాయి. మన పశువుల దిగుబడి తక్కువ కాబట్టి లీటర్ల లెక్క అంతే రాదు. కానీ ఒంట్లో జరిగే పని ఒకటే.

పెయ్య పుట్టిన రెండు గంటల్లోపు జున్నుపాలు పట్టాలి, మొదటి రోజు మొత్తం మీద బరువులో పదో వంతు. వేసవిలో పుట్టిన దూడకు ఇందులో ఆలస్యం అసలు పనికిరాదు.

ఇక్కడే క్యాలెండరు లెక్క పనికొస్తుంది. ఆవు చూడి 280 రోజులు, గేదెది 310. నవంబరు 1న చూడి నిలిస్తే ఆవు ఆగస్టు రెండో వారంలో, గేదె సెప్టెంబరు మొదట్లో ఈనుతాయి. ఆగస్టులో నిలిచిన ఆవు మే నెలలో ఈనుతుంది, అంటే ఒట్టిపోయిన రెండు నెలలూ మార్చి, ఏప్రిల్, మే ఎండలోనే గడుస్తాయి. కాబట్టి అలాంటి పశువు ఉంటే ఈ వేసవి చల్లటి చోటులో దానికీ వాటా ఇవ్వండి.

జాతి గురించి ఒక మాట

కొత్తగా కొనేవారు హోల్‌స్టీన్ రక్తం ఎక్కువున్న ఆవును లీటర్లు చూసి కొంటారు. మన ఎండకు జెర్సీ సంకరం దానికన్నా తట్టుకుంటుంది, దేశవాళీ రక్తం ఇంకా తట్టుకుంటుంది. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళి అక్కడ నెలోర్‌గా కోట్లల్లో పెరిగింది. ప్రయోగశాలలో వేడి తగిలించి చూసినప్పుడు, నెలోర్ పిండాలు యూరప్ జాతుల పిండాల కన్నా బాగా తట్టుకున్నాయి. అంటే ఆ శక్తి చర్మంలోనే కాదు, కణంలోనే ఉంది. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పుట్టిన గుణం అది.

వడదెబ్బ తగిలితే

వేడి 106 దాటి, పశువు తూలుతూ, నోటి నుంచి నురగ కారుస్తుంటే ఆలోచించే వ్యవధి లేదు. నీడలోకి తెచ్చి తల, మెడ, ఒళ్ళంతా ఆపకుండా చల్లటి నీళ్ళు పోస్తూ గాలి తగిలించండి. రొప్పుతున్న పశువు నోట్లో గొట్టంతో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. 103కు దిగాక నీళ్ళు ఆపండి.

వానలు పడ్డాక

తొలకరి పడగానే అందరూ ఊపిరి పీల్చుకుని ఫ్యాన్లు తీసేస్తారు. జులై, ఆగస్టుల్లో ఉష్ణోగ్రత తగ్గినా తేమ పెరుగుతుంది, సూచిక 80 దగ్గరే తిరుగుతుంది. గాలి కనీసం సెప్టెంబరు చివరి దాకా కావాలి. కోస్తాలో అక్టోబరులోనూ అంతే.

ఆ నెలల్లోనే పశువుల వ్యాపారులు ఊళ్ళలోకి వస్తారు. మూడు నాలుగు సూదులకు నిలవని గేదెను ఆగస్టులో సగం ధరకు సంతకు తోలేయడం ఏటా చూస్తున్నాను. పల్నాడు పెద్దమ్మ కూడా ఆ ఆలోచనలోనే ఉంది. రేకు మీద కొబ్బరాకు వేయించి, మధ్యాహ్నం తడపమని, నవంబరు దాకా ఆగమని చెప్పి వచ్చాను. ఏప్రిల్, మే, జూన్‌లలో నిలవలేదన్న కారణంతో ఏ పశువునూ అమ్మకండి. చల్లబడ్డాక మొదటి రెండు ఎదల్లో నిలవకపోయినా దిగులుపడకండి, మూడో ఎదకు డాక్టరుతో గర్భసంచి పరీక్ష చేయించి, తెల్లవారుజామున సూది వేయించండి. అప్పటికీ రెండుసార్లు తిరగబెడితే అప్పుడు జబ్బు గురించి ఆలోచిద్దాం.